ఆరుబయట పాఠం చెప్పడంపై టీచర్లకు రెండు రోజుల శిక్షణ: ఏం పెట్టాలి, ఏం తీసేయాలి?

నడకబడి (ప్రశ్న)

అందరికీ నమస్తే. 3 నుంచి 8 తరగతులకు చెప్పే 24 మంది టీచర్లకు ఆరుబయటి బోధన మీద రెండు రోజుల శిక్షణ తయారుచేస్తున్నాం. సైన్సు, లెక్కలు, భాష, సాంఘికశాస్త్రం చెప్పేవాళ్లందరూ అందులో ఉన్నారు. శిక్షకులం ఇద్దరం. దొరికిన చోటు ఒక బడి ఆవరణ. ఆటస్థలం ఉంది, ప్రహరీ వెంట కొన్ని చెట్లున్నాయి, వెనకవైపు ఎవరూ వాడని గడ్డినేల కొంత ఉంది. అడవికో కొండకో తీసుకెళ్లే ఉద్దేశం లేదు. టీచరు తర్వాత 45 నిమిషాల పీరియడ్లో ఒక్కరే చేయగలిగిందే నేర్పాలని మా పట్టుదల.

ఇప్పటికి అనుకున్నది ఇదీ: మొదటి రోజు ఉదయం ఆరుబయటి బోధన ప్రాధాన్యం మీద ఉపన్యాసం, తర్వాత పది పన్నెండు కృత్యాలు వరసగా చేయించడం. రెండో రోజు ఉదయం భద్రత, మధ్యాహ్నం గ్రూపులుగా పాఠ్యప్రణాళికలు రాయించడం. కాగితం మీద నిండుగానే కనిపిస్తోంది. కానీ ఇదంతా విన్న టీచరు ఆ తర్వాతి వారం నిజంగా పిల్లల్ని బయటికి తీసుకెళ్తారన్న నమ్మకం మాత్రం కలగడం లేదు.

కృత్యాలు ఎన్ని ఉండాలి? భద్రత గురించి ఎంతవరకు చెప్పాలి? సైన్సు కాని వాళ్లు "ఇది మాకు కాదు" అనుకోకుండా ఏం చేయాలి? శిక్షణ అయ్యాక ఏం ఉండాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

గుంజనీడ

మీ ప్లాన్లో ముందు తీసేయాల్సింది ఉపన్యాసం, తర్వాత ఆ పన్నెండు కృత్యాల్లో ఎనిమిది. నాలుగు చాలండి. పన్నెండు చేయిస్తే టీచర్లకు సరదాగా గడిచిపోతుంది, కానీ వాళ్లు ప్రతిదాన్నీ ఆడేవాళ్లుగానే చూస్తారు తప్ప నడిపేవాళ్లుగా చూడరు. బయట పాఠం చెడేది కృత్యం బాగోలేక కాదు. కృత్యానికి ముందు అయిదు నిమిషాల్లోనూ, అయ్యాక పది నిమిషాల్లోనూ చెడుతుంది. శిక్షణ బరువంతా అక్కడ పడాలి.

45 నిమిషాల పీరియడ్ని ముందే ఇలా విడగొట్టి చూపించండి: తరగతి గదిలోనే సూచనలు 5, వెళ్లడానికి 3, పని 20, తిరిగి రావడానికి 3, గదిలో చర్చ 12. మిగిలిన రెండు నిమిషాలు ఏదో ఒకదానికి ఎలాగూ పోతాయి. బయట పనికి 20 నిమిషాలే అని తెలిసిన టీచరు ఒక్క ప్రశ్నే పెట్టుకుంటారు. తెలియని టీచరు మూడు పెట్టుకుని, చర్చ వదిలేసి, గంట కొట్టాక పిల్లల్ని తోలుకొస్తారు. చర్చ లేకపోతే పిల్లలకు బయటికి వెళ్లినట్టు గుర్తుంటుంది, ఏం తెలిసిందో గుర్తుండదు.

మొదటి రోజు 9 గంటలకు నేరుగా బయటే మొదలుపెట్టండి. ఒక మీటరు కర్రను నిట్టనిలువుగా పాతండి. నిలువు సరిచూడటానికి దారానికి కట్టిన బరువు చాలు. నీడ కొసన గులకరాయి పెట్టి టైము రాయించండి. అక్కడినుంచి ప్రతి అరగంటకూ ఒక జత వెళ్లి గుర్తుపెట్టి రావాలి. మధ్యాహ్నం అయ్యేసరికి అన్నిటికన్నా పొట్టి నీడ గడియారంలో సరిగ్గా 12 గంటలకు పడలేదని వాళ్లకే కనిపిస్తుంది. గడియారం చూపేది ప్రామాణిక సమయం. సూర్యుడు నడినెత్తికి చేరే వేళ మాత్రం ఆ ఊరి రేఖాంశాన్ని బట్టి, తేదీని బట్టి మారుతుంది. రెండు రోజులూ నేపథ్యంలో నడిచే ఈ ఒక్క పని "బయట నేర్చుకోవడం అంటే ఏమిటి" అన్న ఉపన్యాసం అవసరం లేకుండా చేస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న మాట మాత్రం మొదటి నిమిషంలోనే చెప్పండి.

ఆ తర్వాత శిక్షకుల్లో ఒకరు టీచర్లనే పిల్లలుగా కూర్చోబెట్టి పూర్తి 45 నిమిషాల పాఠం నడపాలి, గది నుంచి గది దాకా. అది అయ్యాక అదే పాఠాన్ని వెనక్కి తిప్పి చూడాలి: సూచన ఎన్ని వాక్యాల్లో ఇచ్చారు, ఎక్కడ నిల్చుని ఇచ్చారు, సామాను సూచనకు ముందు పంచారా తర్వాత పంచారా, తొందరగా ముగించిన గ్రూపుకు ఏం పని చూపారు. సామాను ముందే చేతికిస్తే సూచన ఎవరూ వినరు. ఇది టీచర్లందరికీ తెలిసిందే అయినా, బయట ఎందుకో అందరూ మరిచిపోతారు.

మధ్యాహ్నం నలుగురు చొప్పున ఆరు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపు చేత 15 నిమిషాల పాఠం తయారుచేయించండి. పెద్ద పాఠ్యప్రణాళిక వద్దు. అరకాగితం మీద అయిదు వరసలు చాలు: పిల్లలు తేల్చాల్సిన ప్రశ్న, చోటు, హద్దు, చేతిలో ఉండే సామాను, గదికి తిరిగి తెచ్చేది. చివరి వరస ఖాళీగా ఉంటే ఆ పాఠం ఇంకా తయారు కాలేదని అర్థం. తెచ్చేది ఒక అంకె కావచ్చు, ఒక బొమ్మ కావచ్చు, అయిదు మాటలు కావచ్చు, కానీ ఏదో ఒకటి ఉండాలి.

రెండో రోజు ఉదయమంతా నడిపి చూడటమే. 15 నిమిషాలు పాఠం, 10 నిమిషాలు స్పందన. శిక్షకులు ఇద్దరూ రెండు చోట్ల సమాంతరంగా నడిపితే ఒక్కొక్కరి దగ్గర మూడు గ్రూపులు, మొత్తం 75 నిమిషాలు. అరగంటలో పాఠాన్ని సవరించుకుని మళ్లీ 75 నిమిషాలు. ఈ రెండోసారికి నిజమైన పిల్లలు ఉండేలా చూడండి, పాతికమంది అయినా సరే. పెద్దవాళ్లు పిల్లలుగా నటిస్తే అందరూ చెప్పిన మాట వింటారు, కాబట్టి అసలు సమస్యలు బయటపడవు. నిజం పిల్లలు వస్తే మొదటి నిమిషంలోనే బయటపడతాయి.

స్పందన కూడా "చాలా బాగా చేశారు" అన్న రకంగా వద్దు. చూసేవాళ్లకు నాలుగే పనులు ఇవ్వండి: సూచన ఎన్ని సెకన్లు పట్టింది, అయిదో నిమిషంలో చేతిలో పనిలేని పిల్లలు ఎంతమంది, టీచరు ఎన్నిసార్లు జవాబు తనే చెప్పేశారు, పిల్లలు ఏం తీసుకుని తిరిగొచ్చారు. అంకెలు చదివి వినిపిస్తే చాలు, ఎవరూ నొచ్చుకోరు. టీచర్ల శిక్షణ మీద 1980లలో పరిశోధకులు జాయిస్, షవర్స్ చెప్పిందీ ఇదే దారి: వినడం, చూడటం దగ్గర ఆగిపోతే తరగతి గదిలోకి వెళ్లేది చాలా తక్కువ. చేసి చూడటం, స్పందన, ఆ తర్వాత పక్కన ఒకరి తోడు కలిసినప్పుడే అది అలవాటవుతుంది.

తీగపందిరి

భద్రత గురించి చెబుతాను. దాన్ని రెండో రోజుకు వాయిదా వేయకండి, గదిలో స్లైడ్లమీదా చెప్పకండి. మొదటి రోజు నీడకర్ర పాతిన వెంటనే గంటసేపు ఆవరణ అంతా నడిపించండి. ప్రతి జతకూ చేత్తో గీసిన పటం ఒకటివ్వండి. మూడు గడులు నింపాలి: ఇక్కడ దెబ్బ తగిలేది ఏమిటి, దానికి మనం ఏం చేస్తాం, ఈ చోటు వల్ల పిల్లలకు వచ్చేది ఏమిటి. మూడో గడి లేకపోతే ప్రమాద అంచనా కాగితం ప్రతిదానికీ "వద్దు" అనే చెబుతుంది. చివరికి పిల్లలు సిమెంటు గట్టు మీద కూర్చుని చెట్టు బొమ్మ గీసి వస్తారు.

నడిచేటప్పుడు కింద చూసినంత శ్రద్ధగా పైకి కూడా చూడటం నేర్పండి. ఎండుకొమ్మలు, తేనెపట్టు, కందిరీగల గూడు. పెద్ద గాలి వీచిన మర్నాడు చెట్ల కింద పాఠం పెట్టేముందు ఇంకోసారి చూడాలి. రాయి ఎత్తి కింద పురుగుల్ని చూపించే పాఠమైతే, రాయికి అవతలి అంచు పట్టుకుని మనవైపుకు ఎత్తాలి. కింద ఏదైనా ఉంటే మనకూ దానికీ మధ్య రాయి అడ్డుగా ఉంటుంది, అది అవతలికి పోతుంది. తేళ్లు, పాములు తిరిగే చోట ముందు టీచరే పొడుగాటి కర్రతో కదిలించి చూడాలి. చూశాక రాయిని ఎలా ఉందో అలాగే పెట్టించండి, దాని కింద బతికేవాటికి అదే ఇల్లు.

హద్దు. "ఆ చెట్టు దాటొద్దు" అన్నది హద్దు కాదు, ఏ చెట్టో నలభైమందికి నలభై రకాలుగా అర్థమవుతుంది. రంగు గుడ్డముక్కలు కట్టి, పని మొదలయ్యేముందు పిల్లలందరినీ ఆ హద్దు వెంట ఒకసారి నడిపించాలి. విజిల్ గుర్తులు రెండే: ఒక పొడుగు కూత అంటే ఎక్కడివాళ్లక్కడ ఆగి టీచరువైపు చూడాలి, రెండు పొట్టి కూతలంటే వలయంలోకి రావాలి. పనికి ముందే ఒకసారి ఉత్తుత్తిగా పిలిచి చూడండి. నిమిషంలోపు వలయం ఏర్పడకపోతే హద్దును దగ్గరికి జరపాలి. పిల్లల్ని తిట్టి ప్రయోజనం లేదు, చోటు వాళ్ల అలవాటుకు మించి పెద్దదైందంతే.

వలయంలో టీచరు సూర్యుడికి ఎదురుగా నిలబడితే పిల్లల కళ్లలో ఎండ పడదు. గాలి టీచరు వెనకనుంచి పిల్లలవైపు వీస్తే మాట వినపడుతుంది. రెండూ ఒకేసారి కుదరకపోతే ఎండకే ప్రాధాన్యం ఇవ్వండి, మాట వినపడటానికి పిల్లల్ని దగ్గరికి పిలవచ్చు.

తల లెక్క నాలుగుసార్లు: గది దాటేటప్పుడు, చేరాక, బయల్దేరేముందు, గదిలోకి వచ్చాక. జతలుగా చేసి జతకో నంబరిస్తే నలభైమందిని లెక్కపెట్టడం ఇరవై నంబర్లు పిలవడమే అవుతుంది. జతలో ఒకరు కనిపించకపోతే రెండోవాళ్లే ముందు చెబుతారు.

వాన గురించి ఒక స్పష్టమైన నియమం పెట్టుకోండి. చినుకులకు పాఠం ఆపక్కర్లేదు, మెరుపుకు ఆపాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లో అంతకన్నా తక్కువో ఉంటే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపే పడుతోందని లెక్క. వెంటనే పక్కా గదిలోకి వెళ్లాలి, చెట్టు కిందకి కాదు. చివరి ఉరుము విన్న 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. వాన వెలిశాక మాత్రం మంచి పాఠం దొరుకుతుంది: నేలమీద నిలిచిన నీటి అంచు వెంట సుద్దతో గీసి, ప్రతి పావుగంటకూ మళ్లీ గీయడం.

ప్రథమ చికిత్స పెట్టె ఆఫీసు బీరువాలో కాదు, టీచరు భుజానికి ఉండాలి. తేనెటీగ కుడితే ముల్లును ఆలస్యం చేయకుండా తీసేయాలి, ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అది అత్యవసరం, క్షణం ఆగకూడదు. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. ఏ పిల్లలకు ఏ ఎలర్జీ ఉందో, ఎవరు ఆస్తమా మందు వాడతారో రాసిన చీటీ ఆ పెట్టెలోనే ఉండాలి.

సర్టిఫికెట్ సంగతి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అడవులు, కొండల్లో తిరిగేవాళ్ల కోసం సాధారణంగా 16 గంటల ప్రథమ చికిత్స కోర్సు ఉంటుంది. అది ఆసుపత్రికి చేరడానికి గంటలు పట్టే చోట్ల కోసం. బడి ఆవరణలో చెప్పే టీచరుకు మామూలు ప్రథమ చికిత్స శిక్షణ సరిపోతుంది. ఆ గంటల్ని పాఠం నడపడం నేర్పడానికి వాడండి.

నడకబడి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉపన్యాసం తీసేశాను, భద్రత మొదటి రోజుకు మార్చాను. ఇంకో రెండు సందేహాలు. లెక్కల టీచర్ల కోసం చెట్టు ఎత్తు కొలవడం పెడదామనుకుంటున్నాం. కానీ ఒక్కో గ్రూపుకు ఒక్కో జవాబు వస్తే "చూశారా, దీనికన్నా బోర్డుమీదే నయం" అంటారేమో. ఇక భాష టీచర్లకు "ప్రకృతి మీద కవిత రాయండి" అనడం తప్ప ఏమీ తట్టడం లేదు.

కొలతాడు

జవాబులు వేరువేరుగా రావడమే ఆ పాఠంలో అసలు సరుకండి. దాన్ని దాచకుండా ఆరు గ్రూపుల అంకెలూ బోర్డు మీద వరసగా రాయించి, ఎందుకు తేడా వచ్చిందో వాళ్లచేతే వెతికించండి.

పరికరం చేయడం తేలిక. కోణమానిని సరళ అంచుకు గొట్టంలా చుట్టిన కాగితం అంటించి, మధ్య బిందువు నుంచి దారం వేలాడదీసి, దారం కొసకు ఇనుప నట్టు కట్టాలి. గొట్టంలోంచి చెట్టు కొసను చూసినప్పుడు దారం పడిన అంకెను 90 నుంచి తీసివేస్తే వచ్చేది ఎత్తుకోణం. చాలామంది తీసివేయడం మరిచిపోయి నేరుగా చదివేస్తారు. 45 దగ్గర ఈ తప్పు బయటపడదు, మిగతాచోట్ల జవాబు ఘోరంగా పోతుంది. అందుకని టీచర్ల చేత ఒకసారి 30 దగ్గర కూడా చదివించండి.

చిన్న తరగతులకు ట్యాన్ విలువలు అక్కర్లేదు. కోణం 45 వచ్చేదాకా వెనక్కి నడిచి, అక్కడినుంచి చెట్టు మొదలు దాకా దూరం కొలిచి, దానికి కంటి ఎత్తు కలిపితే అదే చెట్టు ఎత్తు. 45 తేలికని మాత్రమే కాదు, కోణం చదవడంలో వచ్చే తప్పు అన్నిటికన్నా తక్కువ ప్రభావం చూపేదీ అక్కడే. కంటి మట్టం నుంచి 12 మీటర్లున్న చెట్టుకు 45 దగ్గర ఒక డిగ్రీ తప్పు చదివితే ఎత్తులో సుమారు 42 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మరీ దగ్గరికి వెళ్లి 70 డిగ్రీల్లో చూస్తే అదే తప్పుకు 65, దూరం పోయి 25 డిగ్రీల్లో చూస్తే 55 దాకా వస్తుంది. పై తరగతుల లెక్కల టీచర్లకు ఈ పట్టిక ఇస్తే బోర్డు నయం అన్న మాట రాదు, బోర్డు మీద ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు కాబట్టి.

మిగతా తేడాలు ఎక్కడివంటే: కంటి ఎత్తు కలపకపోవడం, ఏటవాలు నేల, ఒరిగిన చెట్టు, గాలికి ఊగే దారం, వెడల్పాటి కొమ్మలున్న చెట్టుకు పక్కకొమ్మ కొసనే చెట్టు కొస అనుకోవడం. చివరిదే ఎక్కువగా జరుగుతుంది. శిక్షణకు నిటారుగా పెరిగిన చెట్టునొకటి, గుబురుగా పరుచుకున్నదొకటి ఎంచుకోండి.

సైన్సువాళ్లకు గడ్డినేల ఉంది కదా, మొక్కలు లెక్కపెట్టడానికి మీటరు గడి వేయించండి. 4 మీటర్ల తాడుకు మీటరు మీటరుకూ గుర్తుపెట్టి కొసలు కలిపి నాలుగు మేకులకు బిగించాలి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో రెండు కర్ణాలు కొలిస్తే తెలుస్తుంది, రెండూ 141 సెంటీమీటర్లు రావాలి. గడి ఎక్కడ వేయాలన్నది పిల్లలకు వదిలేస్తే పూలున్న చోటే వేస్తారు, విసిరినా చెయ్యి అటే పోతుంది. గడ్డినేల రెండు అంచుల వెంట అడుగులకు నంబర్లిచ్చి, చీటీలు తీసి ఆ చోట వేయించండి. తాడు మీదే పడిన మొక్కల్ని ఏంచేయాలో ముందే తేల్చాలి: రెండు పక్కల మీదివి లెక్కలోకి, మిగతా రెండు పక్కలవి వదిలేయడం.

ఇక భాష. కవిత వద్దు, దారి చెప్పించండి. ఒక గ్రూపు ఆవరణలో ఒక వస్తువు దాచి, అక్కడికి చేరే దారిని ఆరు వాక్యాల్లో రాయాలి. వేలుతో చూపడం, బొమ్మ గీయడం ఉండకూడదు. రెండో గ్రూపు ఆ కాగితం పట్టుకుని నడుస్తుంది. ఎక్కడ తప్పిపోయారో ఆ వాక్యం కింద గీత గీసి, రాసినవాళ్లకు తిరిగిస్తారు. ఏ వాక్యం సరిగా లేదో చెప్పడానికి టీచరు ఎర్ర పెన్ను అక్కర్లేదు, నేలే చెబుతుంది. ఇంకొకటి, ఒక్కో పిల్లా పిల్లాడూ ఒక్కోచోట కదలకుండా అయిదు నిమిషాలు కూర్చుని వినిపించినవి మాత్రమే రాయాలి, పేర్లు, క్రియలు తప్ప మరేమీ లేకుండా. విశేషణాలు గదిలోకి వచ్చాక చర్చలో చేర్చుకుంటారు. "అందమైన" అన్న మాట ఒక్కసారి కూడా రాకుండా మంచి వర్ణన తయారవడం అప్పుడు చూస్తారు.

సాంఘికంవాళ్లకు అడుగులతో పటం గీయడం. 20 మీటర్లు మూడుసార్లు నడిపించి సగటు అడుగు తేల్చుకోనివ్వండి. ఆ అడుగులతో ఆవరణ కొలిచి, 1 సెంటీమీటరుకు 2 మీటర్ల లెక్కన గీయాలి. ఉత్తరం ఎటో మీ నీడకర్రే చెబుతుంది, అన్నిటికన్నా పొట్టి నీడ ఉత్తర దక్షిణ గీత మీద పడుతుంది.

ముంగిలి

శిక్షణ తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. రెండు రోజులూ ఒకేసారి పెట్టడం తప్పనిసరి కాకపోతే, ఒకటిన్నర రోజు ఇప్పుడు, మిగిలిన పూట నాలుగు వారాల తర్వాత పెట్టండి. ఆ మధ్యకాలంలో ప్రతి టీచరూ ఒకే ఒక్క పాఠాన్ని రెండు సెక్షన్లకు, లేదా అదే తరగతికి చిన్న మార్పుతో రెండుసార్లు నడపాలి. రెండు కొత్త పాఠాలకన్నా ఒకే పాఠం రెండుసార్లు నడపడమే ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే రెండోసారి సామాను గురించి ఆలోచన ఉండదు, పిల్లల మాటలు వినడానికి తీరిక దొరుకుతుంది. ఇద్దరేసి టీచర్లు జతకట్టి ఒకరి పాఠానికి ఒకరు వెళ్లాలి. చూసేవాళ్లకు గుంజనీడ గారు రాసిన ఆ నాలుగు అంకెలే చాలు.

నాలుగు వారాల తర్వాతి సమావేశానికి ఫొటోలు తెమ్మనకండి. పిల్లల నోటు పుస్తకాలు తెమ్మనండి. ఫొటోలో పిల్లలు చెట్టు కింద నవ్వుతుంటారు, అందులోంచి ఏం తెలుసుకోగలం? పుస్తకాల్లో అంకె ఉందా, బొమ్మకు గుర్తులు రాశారా, మర్నాటి పాఠంలో ఆ అంకెను వాడారా అన్నది చూస్తే శిక్షణ ఎక్కడిదాకా చేరిందో తెలుస్తుంది. రెండో రోజు సాయంత్రం నింపించే అభిప్రాయ పత్రం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. గాలీ వెలుతురూ ఉన్న శిక్షణకు అందరూ మంచి మార్కులే వేస్తారు.

ప్రధానోపాధ్యాయుల్ని రెండో రోజు అరగంట పిలవండి. టీచర్లు పిల్లలతో పాఠం నడిపిచూసే సమయానికే వస్తే ఇంకా మేలు. టీచరు ఒక్కరే ఉత్సాహపడితే, బయట చప్పుడు వినిపించిన మొదటిరోజే ఆ ఉత్సాహం ఆరిపోతుంది. వాళ్లతో తేల్చుకోవాల్సినవి మూడు: వారానికి ఒకచోట వరస పీరియడ్లు రెండు ఇవ్వగలరా, ఎండ తీవ్రంగా ఉండే కాలంలో ఆ పీరియడ్లు ఉదయానికి మార్చగలరా, నలభైమందికి ఒక్కరే ఉన్నప్పుడు రెండో పెద్దమనిషి ఎవరు. రెండో మనిషి దొరకని రోజు సగంమంది నీడలో కూర్చుని గీయడం, సగంమంది కొలవడం, పది నిమిషాలకు మారడం. అందరూ ఒక్క టీచరుకు కనుచూపు మేరలోనే ఉండాలి.

చివరగా సామాను సంచి. బయటికి వెళ్లాలంటే ముందు సామాను వెతుక్కోవాలన్న స్థితి ఉంటే ఎవరూ వెళ్లరు. ఒక్క సంచిలో 4 మీటర్ల తాళ్లు ఆరు, మేకులు ఇరవైనాలుగు, కొలత టేపులు ఆరు, కోణం కొలిచేవి ఆరు, రబ్బరు బ్యాండు వేసిన గట్టి అట్టలు ఇరవై, పెన్సిళ్లు, రంగు గుడ్డముక్కలు, సుద్దలు, విజిల్. పెన్నులు వద్దు, తడి తగిలితే అక్షరాలు అలుక్కుపోతాయి. మేకులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి, గడ్డిలో ఒక్కటి మిగిలినా ఆటల పీరియడ్లో ఎవరి కాలికో దిగుతుంది. సంచిలో ఏముండాలో రాసిన కాగితం లోపలివైపు అంటించి, నింపే బాధ్యత ఎవరిదో ఆ రెండో రోజే పేరుతో సహా రాయించండి.